సెకనుకు వెయ్యి

పగలు మా పని సాగదు.
గోపన్‌పల్లిలో పక్క ప్లాటువాళ్లు బండలు పేలుస్తారు.
ఆ దెబ్బకు బల్ల మీద అద్దమొకటి
కంటికి కనిపించనంత ఉలిక్కిపడుతుంది.
అంతే, మధ్యాహ్నమంతా గంగపాలు.

అందుకని రాత్రి తొమ్మిదికి వస్తాం.
షుజాత్ భాయ్ చెప్పులు బయట విడిచి,
నీలం తొడుగులు వేసుకుని,
వాక్యూమ్ పంపుకు సలాం చెప్పి స్విచ్ వేస్తాడు.
దాని గొంతు సన్నబడుతూ, సన్నబడుతూ
ఇక నా చెవికి అందదు.

గాలి తోడేసిన డబ్బాలో
సూదిమొనంత నోటితో నాజిల్
నైట్రోజన్‌ను ఒక ఊపిరంత ఊదుతుంది.
దాని మీదికి వెలుగు.
ఎంతసేపు అంటారా?
దాని పక్కన పెడితే రెప్పపాటు
మూడు తరాల కోర్టు కేసు.

రాత్రంతా ఏం జేస్తవే ఆడ, అని
మా పెద్దమ్మ అడిగింది.
మెహదీపట్నంల అంబులెన్స్ వస్తే
జనం ఎట్ల జరుగుతరు? అన్నాను.
అటు సగం, ఇటు సగం.
అది పోయినంక మళ్ల మూసుకుంటరు గదా,
ఆ మూసుకునే సందులోకి
హెల్మెట్ లేని పోరడొకడు బండి దూరుస్తడు,
సైరన్ తోకపట్టుకొని
టోలిచౌకి దాకా బ్రేకు మీద కాలు పెట్టడు.
వాడే పెద్దమ్మా, నా ఎలక్ట్రాన్.

"చలాన్ పడలేదా వానికి?" అంది.

వెంట్రుక మందమంత దారి వాడిది.
ఆ దారిలోనే యాభై లక్షల వోల్టుల ఊపు,
ఆస్పత్రిలో మూరెడు గొట్టం చేసే పని.

ఇదివరకు నేను పనిచేసిన చోట
లేజరు ఒక పిడుగు వేసి
చల్లారేదాకా అలిగి కూర్చునేది.
నిజంగా చూశామా, చూశామనుకున్నామా అని
పది నిమిషాలు వాదులాడుకునేవాళ్లం.
ఇక్కడ పిడుగు లేదు. చిటికె.
సెకనుకు వెయ్యి చిటికెలు.

షుజాత్ భాయ్ వాళ్ల నాన్న
చార్మినార్ వెనక సందులో వరక్ కొట్టేవాడట.
తోలు ఆకుల నడుమ వెండి ముక్క,
పైన సుత్తి,
పొద్దుటి నుంచి అసర్ నమాజు దాకా.
"ఒక్క పెద్ద దెబ్బేస్తే వెండి చిరుగుతదమ్మా.
చిన్నది. మళ్ల చిన్నది.
ఊదితే లేచిపోయేటంత అయితది."

ఐదు నాజిళ్లను తినేసింది వెలుగు.
అంచు కరిగి, నోరు వెళ్లబెట్టి, ఐదూ
టీ గ్లాసులో మునిగి ఉన్నాయి.
ఆరోది నిన్న బాలానగర్‌లో తొలిపించి
రుమాల్లో చుట్టి తెచ్చాడు,
పసిపిల్ల పాలపన్నులా.

మూడుంబావు. తెర మీద ఏమీ లేదు.
అద్దం మరను గోరంత తిప్పాను.
ఏమీ లేదు.
"పంపు గొంతు బరువైంది,
గ్యాస్ జర తగ్గించు," అన్నాడు కళ్లు మూసుకొని.
నాకేం వినపడలేదు. తగ్గించాను.

ఆకుపచ్చ.
ఫాస్ఫర్ పలక మీద పెసరగింజంత మచ్చ.
మినుకుమనలేదు. అందుకే భయమేసింది.
పుట్టి చచ్చే వెయ్యి మెరుపులు
నా మొద్దు కంటికి
ఒక్క నిలకడైన దీపం.

సీసపు ఇటుకల ఇవతల ఇద్దరం నిలబడ్డాం.
ఆయన వేళ్లు ఇటుక మీద
టక్ టక్ టక్ మంటున్నాయి.
ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

పదకొండు నిమిషాలు.
ఆరు లక్షల అరవై వేల దెబ్బలు,
నేనే గుణించాను.
తర్వాత మచ్చ చెదిరి, పాలిపోయి, పోయింది.
నాజిల్ మళ్లీ నోరు తెరిచింది.

మీ నాన్న రోజుకెన్ని కొట్టేవారు భాయ్?

తొడుగులు విప్పుతూ నవ్వాడు.
"ఎవరు లెక్కపెట్టిన్రమ్మా?
భుజం లెక్కపెట్టింది."

తెల్లారింది. గేటు బయట
బండ తొలిచే లారీ వచ్చి ఆగింది.
పుస్తకంలో తేదీ వేసి రాశాను:
ఏడో నాజిల్ కావాలి.